ముందు చివరి మొక్కకి

కొండ పార్కు గేటుకి కొత్త బోర్డు తగిలించారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు లోపలికి తేకూడదట. మంచిదే, ప్లాస్టిక్ అంటే నాకూ గిట్టదు. నేను పట్టుకెళ్ళింది స్టీలు పాల క్యాను. దాన్నీ ఆపాడు వాచ్‌మన్.

"ఏంటి మామ్మగారూ ఇది?"

"నీళ్ళు."

"ఇన్ని నీళ్ళు తాగుతారా?"

"నాక్కాదు. పైన ఉన్నవాళ్ళకి."

"పైనెవరున్నారండీ?"

మనిషి కొత్త. నాలుగు నెలల ముందు ఈ గేటు దగ్గర ఆ మాట అని ఉంటే ఆవిడే జవాబు చెప్పేది, అతను జన్మలో మళ్ళీ అడిగేవాడు కాదు. ఆవిడ మాఘమాసంలో పోయింది. అందుకని ఆ జవాబు నేను చెప్పాల్సి వచ్చింది. అతనికి చెప్పింది క్లుప్తంగానే. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ఆవిడ పేరు రాయను. ఆవిడకి నచ్చదు. ఒకసారి ఎవరో పేపరు వాళ్ళమని చెప్పి ఫోటో తీయబోతే, "ఆ ఫోను జేబులో పెట్టి ఆ చేత్తో బకెట్టు అందుకో నాయనా, పుణ్యముంటది" అంది. పాపం అతను మూడు మలుపులు బకెట్టు మోశాడు. ఫోటో రాలేదు, వార్తా రాలేదు. ఆ రోజు మొక్కలు మాత్రం తడిశాయి.

చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. మా వైపు నాట్లకి దిగే ఆడవాళ్ళు అట్లా వేసుకుంటారు. పొలం పని మానేసి, బెజవాడలో నర్సు ఉద్యోగం చేసుకునే కూతురి దగ్గరికొచ్చి ఏళ్ళయినా ఆ చొక్కా మాత్రం వదల్లేదు. ఆదివారం చర్చి నుంచి తిన్నగా తెల్ల చీరతో వచ్చి, గేటు దగ్గర చొక్కా సంచిలోంచి తీసి తొడుక్కునేది. చెప్పులు విడిచి సంచిలో పెట్టేది. మండుటెండలో కొండ మెట్ల మీద వట్టి కాళ్ళేమిటని అడిగితే, "నా కాలికి తెలియకపోతే మొక్కల వేళ్ళకి ఎట్టా కాలుతుందో నాకెట్టా తెలుస్తది?" అనేది. ఎక్కేటప్పుడు ఏదో కీర్తన లాగేది, మాటలుండవు, కూనిరాగం ఒక్కటే. ఆ రాగం ఆగిందంటే ఎవరో ఒకరు చీవాట్లు తినబోతున్నారన్న మాట.

మా కొండ పార్కు ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కింద గడ్డి, ఉయ్యాలలు, పిల్లల గోల. అక్కడ్నించి మెట్లు మలుపులు తిరుగుతూ పైకి పోతాయి. సగం దూరంలో వేపచెట్ల కింద బల్లలుంటాయి. పొద్దున్నే నవ్వుల క్లబ్బువాళ్ళు చేతులెత్తి హా హా అని అరిచేది అక్కడే. ఇంకా పైకెడితే మెట్లు ఇరుకవుతాయి, సీతాఫలం పొదలూ గన్నేర్లూ రాళ్ళ సందుల్లోంచి తొంగిచూస్తాయి. అన్నిటికన్నా పైన మంచాలు నాలుగైదు వేసుకునేంత చదును నేల. అక్కడ నిలబడితే కృష్ణ మొత్తం కనబడుతుంది. బ్యారేజీ దగ్గర ఆగిన నీళ్ళు, అక్కడ్నించి చీలి ఊరి మధ్యగా పారే కాలవలు, రైలు పెట్టెలు, మేడల మీద నల్ల ట్యాంకులు. ఏప్రిల్‌లో ఊరు పెనంలా కాలిపోతున్నా సాయంత్రం అయిదున్నరకి ఆ చదును మీదికి ఏటిగాలి వస్తుంది. మెడ వెనక చెమట మీద ఆ గాలి తగిలినప్పుడు ఎవరైనా సరే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటారు. మా ఇంట్లో ఏసీ ఉంది. నేను దాన్ని వేయనివ్వను. ఈ గాలి ఉండగా అదెందుకు?

ఆ చదును నేలంతా మొదట బండరాళ్ళూ సిగరెట్ పీకలే. పార్కు కుళాయి గేటు దగ్గరుంది. అక్కడ్నించి గొట్టం వేస్తే బల్లల దాకా వస్తుంది, ఆ పైకి ధార ఎక్కదు. అందుకని ఆ పైన ఎవరూ ఏమీ నాటలేదు. ఆవిడ నాటింది. పారిజాతం, దేవగన్నేరు, నందివర్ధనం, కాగితం పూల తీగ, నేరేడు ఒకటి. రాళ్ళ మధ్య మట్టి నింపి, చుట్టూ గులకరాళ్ళు పేర్చి, చేత్తో నీళ్ళు మోసి బతికించింది. కొన్నాళ్ళకి మోసే పని మాకూ పంచింది.

ఎట్లా పంచిందో చెబుతాను. గేటు లోపల కుళాయి పక్కన నిలబడేది. నడకకి వచ్చినవాళ్ళకి దణ్ణాలూ పలకరింపులూ ఏమీ ఉండవు.

"ఖాళీ చేతుల్తో ఎక్కుతారేంటండీ? కొండకి బరువు."

సగం మంది నవ్వేసి సీసా నింపుకునేవాళ్ళు. మిగిలిన సగం మంది ముఖం చిట్లించి నింపుకునేవాళ్ళు. నేను రెండో రకం. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు నడవమన్నాడని మొదటిసారి వెళ్ళిన రోజు, నా చేతిలో రెండు లీటర్ల సీసా పెట్టింది. ఎవరో ఏమిటో తెలియని మనిషి పని చెప్పడమేమిటని నాకు మండింది. మొదటి మలుపులోనే ఒక గన్నేరు కనిపిస్తే దాని మొదట్లో గుమ్మరించి సీసా ఖాళీ చేశాను. వెనక కూనిరాగం ఆగింది.

"ఆగండి వదినగారూ. మీదే ఊరు?"

"ఉయ్యూరు వైపు."

"చెరుకా?"

"చెరుకే."

"అనుకున్నా. కాలవ మొదట్లోవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోద్ది! అడ్డమొచ్చిన మొదటి చేనికే పెట్టేశారు. చివర మావాళ్ళు ఆకాశం కేసి చూస్తా కూర్చోవాలి."

ఆవిడది కాలవ చివర ఊరు. అటు పక్క సముద్రం. వంతు ప్రకారం నీళ్ళు వదిలితే పై ఊళ్ళన్నీ తాగాక మిగిలిందే వాళ్ళకి. చాలాసార్లు మిగలదు. నారు చేతిలో పట్టుకుని ఎండిన కాలవ గట్టున పడుకున్న రాత్రులు ఆవిడకున్నాయి. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ రాలేదు. మా చెరుకుతోటకి ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్ళుండేవి. తూము మా గట్టు మీదే. చివర ఎవరో ఉన్నారని తెలుసు గానీ, వాళ్ళకి ముఖాలున్నాయని మేం ఎన్నడూ అనుకోలేదు.

ఈ కొండ మీద ఆవిడ పెట్టిన పద్ధతి ఒక్కటే. ముందు చివరి మొక్కకి. కుళాయి దగ్గర ఎంత పట్టుకున్నా పై చదును దాకా ఎక్కి అక్కడ పోయాలి. మిగిలితే దిగేటప్పుడు కింది వాటికి. మధ్యలో ఎండిన మొక్క కనబడి జాలేసినా సరే, ఆగడానికి వీల్లేదు. "జాలి దగ్గరి వాటి మీదే పుడతది వదినగారూ. దూరంగా ఉన్నది అరిచినా వినబడదు" అనేది. వారంలో ఏ రోజు ఎవరిదో కూడా కాలవ వంతుల్లాగే పంచింది. నాది మంగళవారం.

ఆవిడ నన్ను మొదటి రోజునుంచీ వదినగారూ అనే పిలిచింది. నేను మాత్రం చాన్నాళ్ళు ఆవిడని ఏ వరసా పెట్టి పిలవలేదు. ఇదిగో, ఏమమ్మా, అంతే. ఎందుకో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి మార్చింది నేను చేసిన ఒక తప్పు.

నాకు ఏదీ పారబోయడం చేతకాదు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి, కూరలు కడిగినవి తులసికి. అటువంటిదాన్ని మంచి కుళాయి నీళ్ళు కొండ మీద రాళ్ళకి పోస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. అందుకని ఇంటి నుంచే పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. ముందు బియ్యం కడిగినవి. తరవాత గంజి. అన్నం వార్చిన గంజి బలమని ఎవరికి తెలియదు? మా ఇంట్లో పొద్దున్నే ఆ గంజిలో ఉప్పు వేసి నేనూ మా ఆయనా తలో గ్లాసు తాగుతాం. మిగిలింది క్యానులో పోసుకుని, మంగళవారం మంగళవారం పారిజాతానికి పోశాను. అది నా భుజం ఎత్తున ఉండేది. తెల్లారేసరికి కింద రాయి కనబడనన్ని పూలు రాల్చేది.

మొదట ఆకుల అంచులు మాడాయి. ఎండ అనుకుని ఇంకొంచెం పోశాను. చివరికి పుల్లలు మిగిలాయి.

ఆవిడ మట్టి కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది. నా ముందే. ఉమ్మేసి, నా వైపు చూసింది.

"ఏం పోశారు?"

"గంజి. బలమని."

"ఉప్పేసిందా?"

ఎనిమిది మంది చూస్తున్నారు. నవ్వుల క్లబ్బు రిటైర్డు బ్యాంకు ఆయన, "పోన్లెండమ్మా, పెద్దావిడ, తెలియక చేశారు" అన్నాడు. ఆవిడ కస్సుమంది.

"తెలియకేంటండీ? వంట చేసే మనిషికి ఉప్పు సంగతి తెలియదా? పారబోయలేక మొక్కకి తాగించింది. చేసిన మనిషే బాగుచేస్తది. మధ్యలో మీరెందుకు?"

నా అరవై ఏళ్ళ బతుకులో నన్నట్లా పదిమందిలో నిలబెట్టినవాళ్ళు లేరు. మళ్ళీ ఆ కొండ ఎక్కితే ఒట్టు అనుకుంటూ దిగిపోయాను. ఇంటికొచ్చి మా కోడలికి చెబితే, "పోనీండి అత్తయ్యా, కొండకి నీళ్ళెక్కించడానికి మీరేమన్నా మోటారా" అంది. ఆవిడ తిట్టినదాని కన్నా ఈ మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు, నా వంతు కాకపోయినా, వెళ్ళాను.

ఆవిడ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు. ఎండిన పారిజాతాన్ని పీకి పక్కన పెట్టింది. పాదు చుట్టూ పేర్చిన గులకరాళ్ళలో పల్లం వైపు ఒక రాయి తీసేసి సందు చేసింది.

"మా చౌడు పొలాలు ఇట్టాగే కడుగుతాం. నీళ్ళు పెట్టి, నిలబెట్టి, కింద గండి కొట్టి వదలాలి. గండి లేకపోతే ఉప్పు ఎటు పోద్ది? అక్కడే కూర్చుంటది. మంచినీళ్ళు పొయ్యండి. నిండా పొయ్యండి. గంజి తెచ్చారంటే క్యాను లాక్కుంటా."

"మొక్క లేని గుంటకి నీళ్ళా?"

"మొక్క లేని గుంటకే."

నెలన్నర. రోజూ. ఖాళీ గుంటలో కుళాయి నీళ్ళు పోయడం, అవి మట్టి రంగుతో ఆ సందులోంచి కిందికి జారిపోతుంటే చూస్తూ నిలబడటం. నీళ్ళ చుక్క వృథా చేస్తే మనవల వీపు మీద చరిచే మనిషిని నేను. దారినపోయేవాళ్ళు, "మామ్మగారికి మతి చలించిందా ఏంటి" అని నాకు వినబడేటట్టే అనుకున్నారు. ఆవిడ రోజూ కొంచెం మట్టి నాలిక మీద వేసుకుని తల అడ్డంగా ఊపేది. ఒక రోజు ఊపలేదు. నాకూ చిటికెడు ఇచ్చింది. నోట్లో వేసుకున్నాను. మట్టి మట్టిలాగే ఉంది, అంతే. ఆ రుచి ఇప్పటికీ నా నాలిక మీద ఉంది.

ఆ రోజు ఎండ తిన్నగా నెత్తి మీద ఉంది. ఆవిడ కొంచెం ఆయాసపడుతోంది. "నీడలో కూర్చో వదినా" అన్నాను. అనాలని అనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ గమనించినట్టు కనబడలేదు. కూర్చుంటూ, "ఇన్నాళ్ళు పట్టింది ఉప్పు దిగడానికి" అంది. పాదు కేసి చూసే అంది. కానీ నాకు సిగ్గేసింది.

తొలకరికి ఆ గుంటలో కొత్త పారిజాతం పెట్టాం. అది ఇప్పుడు నా నడుము దాటింది.

జనవరి చివర్లో ఆవిడ రావడం మానేసింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని కూతురు చెప్పింది. ఒక మంగళవారం సాయంత్రం కమలాపళ్ళు పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. కొండ కిందే ఇల్లు, కిటికీలోంచి మెట్లు కనబడతాయి. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. చొక్కా లేకుండా చూడటం అదే మొదలు, సగం మనిషిలా ఉంది. నన్ను చూడగానే ముఖం వెలుగుతుందనుకున్నాను.

"ఇవాళ మంగళవారం గదా?"

"అవును వదినా, నిన్ను చూసి పోదామని..."

"మరి పైకెవరు ఎక్కారు?"

"ఒక్క రోజుకి ఏమవుద్దిలే."

"ఒక్క రోజని మా కాలవకి నీళ్ళాపేవాళ్ళు." దగ్గు వచ్చింది. కూతురు మంచినీళ్ళు పట్టబోతే గ్లాసు పక్కకి తోసింది. "నన్ను చూట్టానికి వంతు తప్పమాకు వదినా. నేనేమన్నా మొక్కనా, నువ్వు రాకపోతే ఎండిపోవడానికి? లే. వెలుగుండగానే పో."

కూతురు కాఫీ కలపడానికి లేచింది. నేను కాఫీ తాగలేదు. లేచి బయల్దేరాను. కోపంతోనే ఎక్కాను. పైనుంచి చూస్తే ఆ కిటికీ కనబడుతుంది, ఆవిడకి నేను కనబడతానో లేదో తెలియదు. క్యాను కొంచెం పైకెత్తి, చూడు, పోస్తున్నాను, అన్నట్టు పోశాను.

ఆవిడ పోయింది కూడా మంగళవారం నాడే. కబురు పొద్దున్నే వచ్చింది. పదింటికి సమాధుల తోటకి తీసుకెళతారన్నారు. నేను క్యాను తీసుకుని ముందు కొండకి వెళ్ళాను. అన్నిటికీ పోసి దిగి, తడిసిన చీర కుచ్చెళ్ళతో తోటకి చేరేసరికి ప్రార్థన సగం అయింది. మా నడకవాళ్ళు నలుగురు నన్ను ఎగాదిగా చూశారు. ఇంత స్నేహమూ ఆఖరికి వేళకి రాలేకపోయిందని అనుకుని ఉంటారు. అనుకోనీ. పెట్టెలో ఉన్న మనిషి అనుకోదు. నాకది చాలు.

ఆ తరవాత వంతులు విరిగిపోయాయి. గురువారం వంతు ఆయనకి కంటి ఆపరేషను. శనివారం వంతు ఆమె తన కూతురి పురిటికి గన్నవరం వెళ్ళింది. మిగిలినవాళ్ళకి ఏ కారణమూ లేదు, గేటు దగ్గర అడిగే మనిషి లేదు, అంతే. సీసాల బోర్డు వచ్చాక ఆ వంక కూడా దొరికింది. మార్చి చివరికి దేవగన్నేరు ఆకు రాల్చేసింది, నేరేడు తల వాల్చింది.

అప్పుడొచ్చాడు పార్కు సూపర్‌వైజరు. మర్యాదస్తుడే. చదును నేలంతా కొలిచి, ఇక్కడ టైల్స్ వేస్తామండీ అన్నాడు. పెద్ద పెద్ద అక్షరాలతో ఊరి పేరు పెడతారట, దాని ముందు నిలబడి జనం ఫోటోలు తీసుకుంటారట.

"మొక్కలున్నాయి గదయ్యా."

"పచ్చగా ఉన్నవాటిని మేం ముట్టుకోమండీ, రూలు ఒప్పుకోదు. ఎండిపోయినవి తీసేస్తాం. ఇక్కడ ఎటూ నీళ్ళెక్కవు గదా, వానలు పడేలోగా అవే పోతాయి."

ఆ చివరి మాట కొంచెం జాలిగానే అన్నాడు. నాకు మాత్రం కాలవ మొదట్లోవాళ్ళ గొంతు వినబడింది. మా నాన్న గొంతు. చివరకి ఎటూ ఎక్కవు లెమ్మనే గొంతు.

మర్నాటి నుంచి కుళాయి పక్కన నేను నిలబడ్డాను. ఆవిడకున్న నేర్పు నాకు లేదు, నోరు మాత్రం ఉంది. అయిదో తరగతితో చదువు ఆపేసినా తిట్టడం నాకెవరూ నేర్పక్కర్లేదు. వాచ్‌మన్‌కి చెప్పాను, బోర్డు మీద ప్లాస్టిక్ అని ఉంది, స్టీలు అని లేదు, నీకు చదువొచ్చు గదా చదువు అని. అతను చదివి పక్కకి తప్పుకున్నాడు. నవ్వుల క్లబ్బు బ్యాంకు ఆయన్ని ఆపాను.

"పొద్దున్నే హా హా అని కొండ దద్దరిల్లేటట్టు నవ్వడానికి ఊపిరుంది గానీ చెంబు మొయ్యడానికి లేదా?"

"డాక్టరు బరువెత్తొద్దన్నాడండీ."

"అయితే సగం చెంబు. సగం బరువే."

ఆయన సగం చెంబు పట్టుకున్నాడు. మూడో రోజుకి ఆయన భార్య నిండు చెంబుతో వచ్చింది. ఎవరింట్లోవి వాళ్ళు తెచ్చుకున్నారు, మరచెంబులు, టిఫిను గిన్నెలు, పాత ఇత్తడి బిందె ఒకటి. ఒక అమ్మాయి కుక్కరే తెచ్చింది, విజిల్ తీసి. గంజి మాత్రం ఎవరూ తేవద్దన్నాను, ఎందుకో కూడా చెప్పి వాళ్ళ ముందు నా తప్పు ఒప్పుకున్నాను. నవ్వారు. నవ్వనీ.

మొన్న సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు, ఇద్దరు పనివాళ్ళనీ బకెట్టెడు సున్నం పొడినీ వెంటబెట్టుకుని. ఎండినవి ఎన్నో గుర్తు పెట్టుకుపోతాడట. నేను అప్పటికే పైనున్నాను. దేవగన్నేరు చిగురేసింది. నేరేడు కోలుకుంది. నందివర్ధనాలు రెండు పోయాయి, నిజమే, నేను దాచలేదు. వాటి చుట్టూ సున్నం గీత గీశాడు. గీసిన చెయ్యి అక్కడ ఆగలేదు, రెండు మొక్కల్నించి మొదలుపెట్టి చదునంతా చుట్టి పెద్ద గీత లాగడం మొదలుపెట్టాడు.

"రెండే గదయ్యా ఎండింది?"

"మార్కింగేనండీ. ఎప్పటికైనా వేయాల్సిందే గదా."

"రూలు ఒప్పుకోదన్నావు."

"ఇంకా రోహిణి ఎండలు రాలేదు మామ్మగారూ," అని నవ్వాడు. "అప్పటిదాకా మీరు మోస్తారా?"

మెట్ల మీద గిన్నెల చప్పుడు వినబడింది. ముందు బ్యాంకు ఆయన భార్య, వెనక కుక్కరు అమ్మాయి, ఇంకా వెనక ఆయాసపడుతూ ఆయన, సగం చెంబుతో. పది పన్నెండు మంది. ఒక్కొక్కరే వచ్చి పారిజాతం మొదట్లో, నేరేడు మొదట్లో, ఎండిన నందివర్ధనాల మొదట్లో కూడా పోశారు. పాదులు నిండి నీళ్ళు పల్లం వైపు జారాయి. కొత్త సున్నం తడిసి, పాలలా కరిగి, రాళ్ళ మీదుగా కిందికి పోయింది.

"అమ్మా, గీత పోతోందండీ!" అన్నాడు సూపర్‌వైజరు.

నా క్యానులో ఇంకా సగం ఉంది. అతను నిలబడింది దేవగన్నేరు పాదు అంచున.

"కాస్త జరుగు బాబూ," అన్నాను. "బూట్లు తడుస్తాయి."

జరిగాడు.